మూడు బకెట్ల కాగు

మా సూర్యాపేట ఇంట్లో మెట్ల కింది అలమరలో చిన్న జిగురు డబ్బా ఒకటి ఉంది. పోయిన కార్తీకంలో మిద్దె మీద సోలార్ వేడినీళ్ల ట్యాంకులు పెట్టించినప్పుడు ఫిట్టరు పైపులు అతికించగా మిగిలింది. మూత సరిగా బిగియక, అలమర తెరిచినప్పుడల్లా ఘాటు వాసన ముక్కుకు తగులుతుంది. వేడినీళ్లకు మా ఇంట్లో ఇప్పుడు మిగిలిన వాసన అదొక్కటే. మంట లేదు, పొగ లేదు, బూడిద లేదు. నల్లా తిప్పితే గోడలోంచి వస్తాయి. యాభై రెండేళ్ల వయసులో ఆ అలమర ముందు నిలబడినప్పుడల్లా నాకు ఎందుకో ఊక పొగ గుర్తుకొస్తుంది.

నా చిన్నతనమంతా మిర్యాలగూడలో, రైసుమిల్లు వెనక సందులో, రెండు గదుల కిరాయి ఇంట్లో గడిచింది. నాయన ఆ మిల్లులో హమాలీ. చిన్నాయనకు పెళ్లి కాలేదు, మాతోనే ఉండేవాడు, ఆయనా హమాలీయే. వానాకాలం పంట కోతలయ్యాక సాగర్ కాల్వ కింది ఊళ్లనుంచి వడ్లబండ్లు వరసకట్టేవి. మిల్లులో వడ్లు ఉడికించే ఆవిరి తెల్లవారుజామునే సందులోకి దిగి, ఆరేసిన బట్టలకు, అమ్మ కొంగుకు, మా పలకలకు కూడా ఉప్పుడు బియ్యం వాసన పట్టించేది. మిల్లు వెనక ఊక కుప్పలు మా ఇంటికంటే ఎత్తు. నేనూ చెల్లె గోడెక్కి వాటి మీదికి దూకేవాళ్లం; నడుము దాకా కూరుకుపోయి, చెవుల్లో, జేబుల్లో, లాగు మడతల్లో ఊక నింపుకుని, ఒళ్లంతా గీరుకుంటూ ఇంటికొచ్చేవాళ్లం.

"ఊక మీద దుంకకుర్రి అంటె ఇనరు," అని అమ్మ చీపురు అందుకునేది. "గా దురదలు పోవాలంటె ఇగ ఉడుకునీళ్లు కావాలె. నేనేడికెల్లి తేవాలె?"

ఉడుకునీళ్లు వచ్చేది ఊకతోనే. నాయన పాత డ్రమ్మును సగానికి కోయించి, అడుగున పక్కకు జానెడు కంత పెట్టించి పొయ్యి చేశాడు. ప్రతి సాయంత్రం దాన్ని నింపడం ఒక పని. నడుమ రోకలి నిలబెట్టి, కంతలోంచి ఒక కట్టెను రోకలికి ఆనేటట్టు దూర్చి, చుట్టూ గంపలతో ఊక పోసి, చెల్లెను ఎక్కించి కాళ్లతో తొక్కించేవాళ్లం. ఊక గట్టిపడ్డాక రోకలినీ కట్టెనూ మెల్లగా తిప్పుతూ బయటికి లాగితే నడుమ సొరంగం మిగులుతుంది. తొందరపడి లాగితే మొత్తం కూలి, మళ్లీ మొదటికి వస్తుంది. పొద్దున్నే కంతలో రెండు పుల్లలు వెలిగిస్తే చాలు, ఊక గోడ లోపల్నుంచి ఎర్రగా రాజుకుని మూడు గంటలపాటు తనంతట తానే కాలేది. ఒక్కసారి అంటుకుంటే మాత్రం ఆర్పడం ఎవరి వల్లా కాదు. కాలి ఖతం కావలసిందే.

దాని మీద రాగి కాగు. అమ్మ పుట్టింటివాళ్లు పెట్టింది. సరిగ్గా మూడు బకెట్ల నీళ్లు పట్టేది. నేను చెంబులతో కొలిచాను కాబట్టి గట్టిగా చెప్పగలను. నడుము దగ్గర ఎప్పుడో చిల్లిపడితే మాటు వేయించారు. అరచేయంత సీసం మచ్చ, మసిలో కూడా వేరుగా కనబడేది. ఇంట్లో అందరికీ ఒకటే షరతు: ఒక బకెట్ వేడినీళ్లు తీసినవాళ్లు ఒక బకెట్ చన్నీళ్లు తిరిగి పోయాలి. ముందు నాయన, తరవాత చిన్నాయన, తరవాత నేను, చెల్లె, అందరయ్యాక అమ్మ. దీపావళినాడు ఒంటికి నువ్వులనూనె పట్టించి, సున్నిపిండి గిన్నె చేతికిచ్చి అందరినీ కాగు దగ్గర వరసగా నిలబెట్టినప్పుడు కూడా ఆమె చివరే. బతుకమ్మ సద్దులనాడు తెల్లారకముందే లేచి, పులిహోర, పెరుగుసద్ది, నువ్వులపొడి కలిపిన ముద్దలు చేసి, ఇల్లంతా ఇంగువ, పోపు వాసన నిండాక, తాను పోసుకునే వేళకు పొయ్యిలో బూడిదే ఉండేది.

అందరికంటే వేడి కావలసింది ఆమెకే. ఆమె పుట్టి పెరిగింది నల్గొండ పక్క పల్లెలో. అక్కడి చేదబావి నీళ్లు పళ్లకు గోధుమరంగు చారలు పెట్టి, ఎముకల్లో కూచునేవి. అమ్మకు ముప్పై దాటేసరికే పొద్దున లేస్తే మోచేతులు చాచుకునేవి కావు, మెడ తిరిగేది కాదు. ఒంటి మీద ఉడుకునీళ్లు పడ్డాకనే కీళ్లు వదులై, చేతులు వెనక్కి పోయి, సిగ ముడుచుకోగలిగేది. ఆ తరవాతే చాట పట్టుకుని మిల్లుకు నూకలు చెరగబోయేది. నీళ్లు చల్లగా ఉన్ననాడు మా చెల్లె పీట ఎక్కి ఆమె జుట్టు ముడివేసేది. ఎనిమిదేళ్ల పిల్ల వేసిన ముడి మిల్లు దాకా ఆగేది కాదు.

ఏడో తరగతిలో భిన్నాల గుణకారం నేర్పారు. ఆ చలికాలం ఒకనాడు పొయ్యి పక్కన కూచుని, బొగ్గుముక్కతో గోడ మీద అమ్మ నీళ్ల లెక్క వేశాను. మూడు బకెట్లలో ఒకటి తీసి చన్నీళ్లు పోస్తే వేడిలో మూడింట రెండు పాళ్లు మిగులుతుంది. రెండోవాళ్లు తీస్తే అందులో మూడింట రెండు. అట్లా నలుగురు తీసేసరికి మిగిలింది ఎనభై ఒకటింట పదహారు. అంటే అయిదోవంతు కూడా కాదు.

నాయన తల తుడుచుకుంటూ వచ్చి చూశాడు. "ఏందిర, గోడంత నల్లగ జేసినవ్?"

"అమ్మకు మిగిలే ఉడుకు, నాయనా. ఎనభై ఒకటిల పదహారు."

"మంటను లెక్కల ఏసినవా?"

వేయలేదు. అమ్మ వంతు వచ్చేసరికి పొయ్యి ఆరవచ్చేదన్న మాట నిజమే, కానీ నా లెక్కలో అసలు పొయ్యే లేదు. చిన్నాయన పగలబడి నవ్వాడు. "వదినె, నీకు పదహారు పాళ్లు పడ్డయంట. మిగిలినయన్ని మేం నలుగురం తిన్నమంట. ఇంజినీరు సారు తేల్చిండు."

"పదహారు సాలు తియ్," అంది అమ్మ. "ముందుగాల గా గోడ కడుగుమను మీ ఇంజినీరును."

నాకు రోషం వచ్చింది. మంటనూ చేర్చి మళ్లీ ఆలోచించాను. నాయనా చిన్నాయనా షరతు ప్రకారం పోస్తారు. నేనూ చెల్లె పోయకుండా ఊరుకుంటే కాగులో అమ్మ వంతు ఒక్క బకెట్ మిగులుతుంది. ఆ ఒక్క బకెట్‌కే మిగతా మంటంతా అందుతుంది. ఎట్లా చూసినా తప్పు దొరకలేదు. చెల్లెకు రెండు గోలీలిచ్చి ఒప్పించాను.

మర్నాడు అమ్మ స్నానాల తడక వెనకనుంచి, "అబ్బ!" అంది. మొహం ఎర్రబారి బయటికొచ్చి, రెండు చేతులూ ఒక్క ఊపున వెనక్కి పోనిచ్చి, సిగ ముడిచింది. ఎవరినీ పిలవలేదు. ఎండలో నిలబడి కాసేపు తన చేతులను ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకుంది. నేను తడకను ఆనుకుని నిలబడి అంతా చూశాను. అంత గర్వం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

తరవాత ఆమె అలవాటు ప్రకారం కాగులో చన్నీళ్లు పోసింది. ఒక బకెట్ నిలిచింది. రెండోది పోస్తుంటే నడుము దగ్గర్నుంచి సన్నటి ధార కారి నిప్పుల్లో పడింది. పొయ్యి బుస్సుమంది. బూడిద లేచి మా ఇద్దరి మొహాలను కమ్మేసింది. సీసం మచ్చ ఉన్నచోట రూపాయి బిళ్లంత కంత. నీళ్లు దాని కిందికి దిగిపోయాయి కదా, వెనక నీళ్లు లేని మాటు మీద మంట ఆడి, సీసం కరిగి కారిపోయింది. తిరిగి పోయాలనే షరతు ఎందుకో అప్పుడు తెలిసింది. పెట్టినవాళ్లకైనా తెలుసో లేదో.

కొట్టలేదు ఎవరూ. "మంచికే జేసిండు పోరడు," అని అమ్మ నాయనకు అడ్డం నిలబడింది. మాటు వేసేవాడు కోదాడలో ఉండేవాడు. మిల్లు నడిచే రోజుల్లో నాయనకు ఒక్కపూట కూడా సెలవు దొరకదు. కాగు ఎండాకాలం దాకా గోడ వారన బోర్లా పడి ఉంది. కూర గిన్నెలో కాచిన నీళ్లు నాయనకు, చిన్నాయనకు వచ్చేవి. మాకోసం అమ్మ మసిపట్టిన ఇనుప బకెట్ ఎండలో పెడితే బడి వదిలేసరికి గోరువెచ్చనయ్యేవి. ఆమె పొద్దున్నే మిల్లుకు పోవాలి కాబట్టి ఎండ వచ్చేదాకా ఆగలేకపోయేది. ఆ పుష్యమాసమంతా తడక వెనక చన్నీళ్లు పడ్డ చప్పుడూ, వెంటనే పళ్లబిగువున ఆమె పీల్చే శ్వాసా వినబడేవి. నేను పుస్తకం పట్టుకుని చెవులు మూసుకునేవాణ్ణి. ఫాల్గుణంలో మాటు పడింది గానీ, ఆమె కుడిచెయ్యి ఆ తరవాత భుజం పైకి లేవలేదు. చన్నీళ్ల వల్లనేనని ఏ డాక్టరూ చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.

నేను పదితో చదువాపి, మేస్త్రీల దగ్గర ఇటుక, ఇసుక, సిమెంటు లెక్కలు రాస్తూ రాస్తూ, ఎవరూ నేర్పకుండానే ఇళ్ల అంచనాలు వేయడం నేర్చుకున్నాను. పని సూర్యాపేటలో కుదిరింది. నాయన పోయాక అమ్మ మా ఇంటికొచ్చింది. కట్టెల పొయ్యి, కరెంటు రాడ్డు, గీజరు అన్నీ అయ్యాయి. కరెంటు పొద్దున్నే పోయిన రోజు అమ్మ నీళ్లూ పోయేవి. అందుకే సోలార్ అనుకున్నాను. ట్యాంకులో పైనుంచి వేడినీళ్లు తీస్తుంటే అడుగున చన్నీళ్లు చేరతాయి. చివరివాళ్లకు తగ్గక తప్పదు. అమ్మ ఇప్పటికీ అందరయ్యాకే స్నానానికి లేస్తుంది. ముందు పోసుకొమ్మంటే, "పిల్లలు బడికి పోవాలె గదరా," అంటుంది. అందుకని ఇంటికొకటి, అమ్మ స్నానాలగదికి విడిగా ఇంకొకటి చెప్పాను.

ఫిట్టరు నన్ను వింతగా చూశాడు. "సార్, నలుగురికి ఒక్క ట్యాంకు మస్తయితది. ముసలామెకు ఒక్కదానికే ఇంకోటా? ఈత కొడ్తదా ఏంది?"

బోరు నీళ్ల ఉప్పు గొట్టాల్లో పేరుకోకుండా జల్లెడ పెట్టించాను. చలి ముదిరిన రోజుల్లో తెల్లవారి థర్మామీటరు పెట్టి పదిహేను రోజులు రాసుకున్నాను. ఒక్కరోజు కూడా నలభై ఎనిమిదికి తగ్గలేదు. కోదాడలో కాపురముంటున్న చెల్లెకు ఫోను చేసి చెబితే నవ్వింది. అక్కడి మాట ఆమెకు పట్టుబడి చాలా ఏళ్లయింది. "అన్నయ్యా, ఈసారి గోలీలు ఎవరికిచ్చావు?" అంది.

కానీ ఈ మధ్య రెండేళ్లలో అమ్మ రెండో చెయ్యి కూడా బిగిసింది. ట్యాంకు పెట్టిన మొదటి వారమే సంగతి తెలిసింది. నల్లా కింద బకెట్ నిండా పొగలు కక్కే నీళ్లున్నాయి, చెంబు ఎత్తి భుజం మీద పోసుకోవడానికి చెయ్యి లేవదు. పైనుంచి పడే షవరు పెట్టించాను. తల పైకెత్తలేక, నీళ్లు ముక్కులోకి పోయి ఉక్కిరిబిక్కిరైంది. పెద్ద దవాఖానలో డాక్టరు చేతులు వంచిచూసి, ఎముకలు అతుక్కుపోయాయన్నాడు. "ఉడుకునీళ్లు పోసుకుంటే హాయిగ ఉంటది పెద్దమ్మా, కానీ కీళ్లు ఇగ వదలవు," అన్నాడు. ఇప్పుడు నా భార్య పోస్తుంది. కోడలి ముందు ఒంటి మీద బట్ట తీయాల్సి వస్తుందని అమ్మకు సిగ్గు. మొదట రోజు మార్చి రోజు అంది, తరవాత వారానికి రెండుసార్లు.

మొన్న పని మీద మిర్యాలగూడ పోయాను. మిల్లు ఉంది, కుప్పలు లేవు. ఊక గొట్టంలోంచి నేరుగా లారీల్లోకి పడుతోంది, ఎక్కడో కరెంటు చేయడానికి పోతుందట. అక్కడి కుర్రవాణ్ణి ఊక పొయ్యి సంగతి అడిగితే, "గదేం పొయ్యి అంకుల్?" అన్నాడు. రోకలి నిలబెట్టి తొక్కడం చేతులతో చూపించబోయి, నడుమ ఆపేశాను.

రాత్రి అక్కడే ఉండి, మర్నాడు ఇంటికొచ్చేసరికి పొద్దున తొమ్మిది దాటింది. పిల్లలు బడికి పోయారు. అమ్మ మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది.

"నీ కోడలు స్నానం చేయిస్తదంట, లే అమ్మా," అన్నాను.

"ఇయ్యాల వద్దు బిడ్డా. రేపు సూద్దాం."

నిన్నా అదే అంది. నా భార్య వంటింట్లోంచి జిడ్డు గిన్నెల గంప పట్టుకుని వచ్చి, గుమ్మం దగ్గర ఆగింది.

"ఆమె ట్యాంకుల నీళ్లు మూడు దినాలసంది గట్లనే ఉన్నయి," అంది గొంతు తగ్గించి. "గిన్నెలకు పట్టుకోనా?"

అమ్మ విన్నది. కళ్లు మూసుకుంది.

"పట్టుకో," అన్నాను.