జెండా ఊపకముందే కదిలిన గోదావరి

గోదావరిని మొండిది అంటారు మా మెదక్‌లో. అననివ్వండి. ఆ మొండితనమే లేకపోతే ఇషిత ఈపాటికి ఉండేది కాదు.

ఇషిత ఆమె కూతురు, పదో తరగతి. తలసేమియా. ఒంట్లో నెత్తురు నిలవదు, మూడు వారాలకోసారి ఎవరిదో ఒకరిది ఎక్కించాలి. వాళ్ల పిండి గిర్ని, మా ఇల్లు గోడకు గోడ. నా పేరు లిల్లీ, బడిలో లెక్కలు చెబుతాను. నెత్తురు దొరకని వారాల్లో ఆ పిల్ల నాలుగు మెట్లు ఎక్కలేక మా గుమ్మంలోనే కూలబడడం కళ్లారా చూసినదాన్ని.

భర్త పోయాక గిర్ని గోదావరే నడిపింది. ఇంటింటికీ పిండి సంచులు సైకిల్ మీదే చేరవేసింది. ఈ వానాకాలం గిర్నికి తాళం వేసి, కన్యాకుమారి దాకా సైకిల్ మీద పోతానంది. చందాలు వద్దట. ఆగిన ప్రతి ఊళ్లో ఇలాంటి పిల్లల కోసం నెత్తురివ్వమని అడుగుతుందట. బజారంతా ఒకటే నవ్వు.

"నా కాళ్లు, నా సైకిల్. మీకెందుకు పరేషాన్?" అనేసింది.

అంతలో గోదావరి తమ్ముడు అమరేందర్ దూరాడు. కౌన్సిలర్ టికెట్ కోసం తిరుగుతున్న మనిషి. మా దగ్గర కొత్త బస్సొచ్చినా, చెత్తబండి వచ్చినా నాయకుడు జెండా ఊపందే చక్రం కదలదు కదా! ఆ ఏర్పాటు అతను నెత్తినేసుకున్నాడు. ఫ్లెక్సీలో నాయకుడు నిలువెత్తున, పక్కన దండం పెడుతూ అమరేందర్. గోదావరి ఒక మూలన పోస్టు బిళ్లంత. ఇషిత అసలు లేనే లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

బయల్దేరే రోజు పొద్దున్నే రిబ్బన్ కట్టారు, బ్యాండువాళ్లొచ్చారు. నాయకుడు మాత్రం రాలేదు.

"అన్న నిజాంపేటల ఉన్నడక్కా. జర ఆగు," అన్నాడు అమరేందర్.

"గంట సంది నిజాంపేటలనే ఉన్నడా? ఊరు కొంటుండా ఏంది?"

మొదటి మజిలీ కౌడిపల్లి. అక్కడ రక్తదానానికి టెంటు వేయించి, పొలం పనులవాళ్లను ఒప్పించి కూర్చోబెట్టిన కుర్రాడు ప్రశాంత్ గోదావరికి ఫోన్ చేశాడు. "అక్కా, రాత్రి వాన మస్తు పడ్డది. అందరు నాట్లకు పోతమంటున్నరు. సూదంటె మొదలే భయం. మీరొస్తెనే ఇస్తరట. జల్ది రాండ్రి."

గోదావరి సైకిల్ దగ్గరికి పోయింది. చక్రానికి తాళం! తాళంచెవి తమ్ముడి జేబులో ఉంది. అన్న రాకముందే అక్క ఎక్కడ కదులుతుందోనని ముందే వేసిపెట్టాడు మహానుభావుడు.

"నీకు దండం పెడ్త అక్కా. నువ్వు పోతె అన్న ముందల నా ఇజ్జత్ పోతది."

"నీ ఇజ్జత్ ఇయ్యాల పోతే రేపొస్తది. సూదికి భయపడేటోళ్లు ఇయ్యాల లేచిపోతే మల్ల రారు. తియ్యి తాళం!"

అతను జేబు మీద చెయ్యేసుకున్నాడు. ఆమె ఎదురుగా ఉన్న పంక్చర్ దుకాణం వైపు తిరిగి, "యూనుస్ భాయ్, సుత్తె తే!" అని అరిచింది. యూనుస్ అమరేందర్ ముఖం చూశాడు, ఆమె ముఖం చూశాడు, సుత్తె తెచ్చాడు. రెండు దెబ్బలకు తాళం ఊడింది. ముందు చక్రంతోనే రిబ్బన్ తెంపుకుని పోయింది గోదావరి. ఏం చేయాలో తోచక బ్యాండువాళ్లు వాయించడం మొదలుపెట్టారు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇషితను స్కూటీ ఎక్కించుకుని నేనూ వెనకే పోయాను.

మేం చేరేసరికి కౌడిపల్లి టెంటు కింద సగం కుర్చీలు ఖాళీ. గోదావరి నీళ్లైనా తాగలేదు. చెమటలు కక్కుతూనే పొలాల్లోకి పోయి, గట్టు మీద నిలబడి గొంతెత్తింది.

"లేటైంది, తప్పు మాదే! తిట్టుండ్రి. తిట్టుకుంటనే రాండ్రి!"

ముందు ఒక ముసలాయన నవ్వాడు. తర్వాత ఇద్దరాడవాళ్లు నారు కట్టలు కింద పెట్టారు. బోరు దగ్గర కాళ్లు కడుక్కుని ఒక్కొక్కరే వచ్చారు. చివరికి కుర్చీలు చాలక కొందరు నిలబడ్డారు.

అప్పుడు వచ్చింది అమరేందర్ నుంచి ఫోన్. గోదావరి స్పీకర్ పెట్టింది.

"అక్కా, అన్నొచ్చిండు! ఒక్కసారి ఎన్కకు రా. ఒక్క ఫొటో దిగి పోదువు."

"నేను రాను. మీ అన్ననే గిటు తోల్కరా. జెండా అక్కర్లేదు, నెత్తురియ్యమను." అంతటితో ఆగలేదు. "నువ్వు గూడ రా. మేనమామవు. ఇన్నేండ్ల సంది పిల్లకు ఒక్కసారన్న ఇచ్చినవా?"

తల్లి చేతిలోంచి ఇషిత ఫోన్ తీసుకుంది.

"రా మామా. సూది నొప్పి జరంతనే ఉంటది. నేను పక్కన కూసుంట."