రేడియో చెప్పినవన్నీ

ఆ రోజుల్లో గుంటూరు మిర్చి యార్డులో మంచి స్నేహితుడనిపించుకోవడం చాలా తేలిక. నోరు తెరవకుండా కూర్చుంటే చాలు, మిగతా పని మిరపఘాటు చూసుకునేది. నేను కమీషన్ కొట్టులో కొత్త గుమస్తాని. కాటా దగ్గర పనిచేసే చిలకలూరిపేట మిత్రుణ్ని అందరూ రేడియో అనేవారు (ఆపే మీట లేదని). మధ్యాహ్నం ఇద్దరం మిరప బస్తాల మీద కూర్చునేవాళ్ళం. అతను చెబుతుండేవాడు, నేను చదువుతున్న నవలలో తర్వాత ఏమవుతుందా అని ఆలోచిస్తుండేవాణ్ని. ఇంతలో ఎవరో పక్కన బాగా ఘాటైన తేజ రకం మిరప బస్తా విప్పేవారు. నా కళ్ళు ధారలు కట్టేవి. ఏళ్ళ తరబడి ఆ ఘాటులోనే ఉన్న రేడియో, కళ్ళు మండుతాయన్న సంగతే మరిచిపోయాడు. "ఒరేయ్, నా కష్టానికి ఏడ్చేది నువ్వొక్కడివేరా!" అని నా భుజం పట్టుకునేవాడు. కాదనడానికి నాకు మొహమాటం.

ఒకరోజు, "మరి వెళ్ళమంటావా?" అన్నాడు. ఎక్కడికో తెలియదు. అయినా తలూపాను. మర్నాడతను ఇస్త్రీ చొక్కా వేసుకుని దర్శి వెళ్ళి, పెద్దవాళ్ళను పంపాల్సిన చోట తానే నిలబడి, ఒకాయన్ని పిల్లనిమ్మని అడిగాడు. "ఇదేం పద్ధతిరా? ఎవరు చెప్పారు నీకు?" అన్నాడట ఆయన. "మా గుమస్తా." "అయితే వాణ్ని తీసుకురా, అప్పుడు మాట్లాడదాం."

ఆ పెళ్ళి ఇప్పుడు నా నోటిమాట మీద ఉంది. దర్శి బస్సులో రేడియో మొదటిసారి ఒక్క మాటా మాట్లాడలేదు.

"మీవాడికి తాగుడుందా?" అన్నాడు పిల్ల తండ్రి.

"తెలీదండి."

"ఇంట్లో ఎంతమంది?"

"తెలీదండి."

"పోనీ, మా పిల్ల పేరు?"

రేడియో మొహం చూడలేక నేల చూశాను. "ఎనిమిది నెలల్నుంచి రోజూ చెబుతూనే ఉన్నాడండీ. నేనే వినలేదు."

ఆయన లోపలికి తిరిగి టీ పెట్టమని కేకేశాడు. "పేటలో వాకబు చేశాంలే. కుర్రాడు మంచోడే. వాడి స్నేహితులు అబద్ధాలకోర్లేమోనని పిలిచా. కూర్చో, టీ తాగు."

సంబంధం కుదిరింది. వీధి మలుపు తిరిగాక రేడియో ఆగాడు. "మరి ఆ ఏడుపంతా ఏందిరా?"

"మిరపకాయలురా."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు (అతని మట్టుకు అది కఠోర ఉపవాసం). మూడో రోజు వచ్చి కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాడు. కాకపోతే నాలుగు మాటలకోసారి ఆపి, "ఇప్పుడేం చెప్పాను, చెప్పు?" అనేవాడు. వినడం నేనలా నేర్చుకున్నాను, కాస్త ఆలస్యంగా.

రేడియో పోయి ఏడాదైంది. మొన్న వాళ్ళింటికి వెళితే అతని భార్య టీ ఇచ్చి అడిగింది. "అన్నా, పెళ్ళికి ముందు యార్డులో నా గురించి ఏం చెప్పేవాడు?"

"అంతా నీ గురించేనమ్మా," అన్నాను.

"ఊరుకో అన్నా! మిరప రేట్లు చెప్పుంటాడు," అని నవ్వింది.

అంతే అయివుండవచ్చు. నాకేం తెలుసు? పక్కన కూర్చున్నది నేనే కదా.