ఆగిపోయిన నెత్తురు

జిల్లాలు విడిపోయిన కొత్తలో, డిప్యూటీ సివిల్ సర్జన్ హోదాలో నన్ను తొర్రూరు ప్రభుత్వ ఆసుపత్రికి వేశారు. నా విభాగం స్త్రీల వ్యాధులు. ఆ ఎండాకాలం కొత్తగూడ నుంచి సమ్మక్క అనే ఆమెను చెల్లెలు రాధ తీసుకొచ్చింది. సమ్మక్కకు యాభై దాటాయి.

"గర్భసంచి ఎప్పుడో తీసేసిండ్రు మేడం. అయినా నెత్తురు పడుతున్నది. లోపల వేరు మిగిలిందంటున్నరు" అంది రాధ.

నాకు చిర్రెత్తుకొచ్చింది. మా వైపు చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్ళు చాలామంది. ఆ తర్వాత కింద ఏం కనిపించినా నేరం ఆ ఆపరేషన్‌దే అంటారు. పరీక్ష చేస్తే యోనిలో రక్తం జాడ లేదు. మూత్రాశయం గర్భసంచికి ముందు ఉంటుంది, దాని దారి వేరు. సన్నని గొట్టం వేసి మూత్రం తీస్తే ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు, మంట లేదు. అవి ఉంటే ఇన్ఫెక్షనో రాయో అనుకోవచ్చు; లేవు కాబట్టే క్యాన్సరేమోనని భయమేసింది.

"బీడీ తాగుతవా?" అని అడిగితే రాధ నవ్వేసింది. సమ్మక్క మాత్రం "చుట్ట. పెండ్లి కాకముందు సంది" అంది. పొగలోని విషం రక్తంలో కలుస్తుంది, కిడ్నీలు దాన్ని మూత్రంలోకి వదులుతాయి, మూత్రాశయం లోపలి పొర ఏళ్ళ తరబడి అందులో నానుతుంది. స్కానింగులో చిన్న గడ్డ కనిపించింది. కెమెరా గొట్టంతో లోపల చూసి, ముక్క తీసి పరీక్షించాలని వరంగల్‌కు రాసిచ్చాను.

వాళ్ళు వెళ్ళలేదు. ఫోన్ చేస్తే రాధ సంబరంగా చెప్పింది. "బార్లీ నీళ్ళు తాపినం, సబ్జా తాపినం. వేడి తగ్గింది, నెత్తురు ఆగింది. ఇంక పరేషాన్ లేదు మేడం."

ఈ గడ్డల నెత్తురు దానంతటదే ఆగుతుంది, మళ్ళీ పడుతుంది. ఈలోగా గడ్డ కండరంలోకి దిగితే మూత్రాశయాన్నే తీసేయాల్సి రావచ్చు. నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. ఓపీ తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలెత్తి చూసేదాన్ని. చివరికి మళ్ళీ ఫోన్ చేసి సమ్మక్కకే ఇమ్మన్నాను. బతిమాలాను, కోప్పడ్డాను.

"ఒక సంచి తీసిండ్రు, సాలదా? ఇంకోటి గూడ తీపిస్తవా?" అందామె.

బార్లీ మీద నమ్మకం కాదు, కోతంటే భయం. "ఇప్పుడే పోతే గడ్డను మాత్రమే గీకి తీసే అవకాశముంది. ఆలస్యమైతేనే మూత్రసంచి పోయేది" అన్నాను.

"గీ ముచ్చట ఎవ్వరు చెప్పలే" అంది.

మర్నాడే బస్సెక్కింది. అది క్యాన్సరే, కానీ లోపలి పొర దాటలేదు. గీకి తీశారు, సంచి మిగిలింది. మళ్ళీ మళ్ళీ లోపల చూపించుకోవాలన్నారు. చుట్ట మానేసిందని రాధ చెప్పింది, సమ్మక్క మాత్రం చెప్పలేదు.

ఆగిన నెత్తురును నమ్మకూడదని నేను చదువుకున్నదే. సమ్మక్క తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరిని పెద్దాసుపత్రికి పంపుతూ చీటీ రాసినా, అక్కడ ఏం తీస్తారో, ఏం ఉంచుతారో ముందు చెప్పి అప్పుడు కలం పట్టేదాన్ని.