ఓడినవాళ్ళకు పార

ఇస్తారికి గెలుపు పిచ్చి. మా రూమ్‌లో ఎవరి చపాతీ గుండ్రంగా వచ్చిందో అన్న దానిమీద కూడా పందెం వేసేవాడు. ఓడితే ఆ పూట చపాతీ ముట్టేవాడు కాదు, అలిగి అన్నం తినేవాడు. కరీంనగర్ జిల్లాలో, జగిత్యాల పక్క పల్లె అతనిది. పదో తరగతి తప్పి, సెంట్రింగ్ పని నేర్చుకుని, కంపెనీ వీసా మీద ఒమాన్‌లోని సోహార్‌లో దిగాడు. పగలంతా ఎండలో చెక్కలకు మేకులు కొట్టినా సాయంత్రానికి అతని కాళ్ళు ఊరుకునేవి కావు. ఊళ్ళో కబడ్డీ ఆడిన కాళ్ళు మరి. నేను అదే కంపెనీ లేబర్ క్యాంపులో స్టోర్ చూసేవాణ్ణి. పక్క మంచం నాదే కాబట్టి అతని పందేలన్నిటికీ సాక్షిని నేనే. ఇది రెండు వేల ఎనిమిది నాటి సంగతి.

క్యాంపు వెనక ప్రహరీ కట్టిన జాగా ఒకటి ఖాళీగా ఉండేది. ఒకప్పుడు అక్కడ లారీలు బాగుచేసే షెడ్డు నడిచింది. ఇంజన్లలోంచి తీసిన మురికి ఆయిల్‌ని ఏళ్ళ తరబడి నేలమీదే పారబోశారు మహానుభావులు. మట్టి నల్లగా, జిగటగా తయారై, ఎండెక్కితే కంపు కొట్టేది. కుక్కలు కూడా దాన్ని చుట్టి పోయేవి. ఇస్తారి కంటికి మాత్రం అది గ్రౌండు.

జాగా యజమాని సయీద్ అనే ముసలాయన. అక్కడి అలవాటు ప్రకారం మేమంతా అర్బాబ్, అంటే యజమాని, అని పిలిచేవాళ్ళం. బొంబాయి సరుకుతో వ్యాపారం చేసి చేసి మాకన్నా మంచి హిందీ మాట్లాడేవాడు. ఇస్తారి వెళ్ళి ఆడుకుంటామని అడిగితే ఆయన చల్లగా చెప్పాడు.

"ఆడుకోండి. ముందు ఆ నల్లమట్టి తీసెయ్యండి. బూట్లు, గ్లౌజులు, డ్రమ్ములు నేనిస్తాను. దాన్ని పారేసే చోటికి లారీ కూడా నాదే. కూలి మాత్రం అడగొద్దు."

శుక్రవారం సెలవు పూట పార పట్టమంటే ఎవడు పడతాడు? అందుకే ఇస్తారి ఒక షరతు కనిపెట్టాడు. ఆడేంత చోటు అందరూ కలిసి శుభ్రం చేయాలి. ఆ తరవాత వారం వారం ఆట. ఓడిన జట్టు మిగతా నల్లమట్టి తవ్వాలి. గెలిచిన జట్టు గోడెక్కి కూర్చుని వాళ్ళను నోటికొచ్చినట్టు ఆటపట్టించవచ్చు. ఆ చివరి మాటకే జనం ఎగబడ్డారు. గోడమీద కూర్చునే సుఖం కోసం మోకాళ్ళు చీరుకున్నారు. ఓడినవాళ్ళు తిట్లు తింటూ, మంచి మట్టి కనపడేదాకా తవ్వి డ్రమ్ములు నింపేవాళ్ళు. కొన్ని నెలలు పోయేసరికి మూలన ఒక గదంత నలుపు మాత్రం మిగిలింది.

అప్పుడు అర్బాబ్ డ్రైవర్ జహీరుద్దీన్ కబురు మోసుకొచ్చాడు. ఆ జాగా బియ్యం గోడౌన్‌కి కావాలని ఎవరో అడుగుతున్నారట. నలుపు పూర్తిగా పోతేనే సంతకం పెడతామన్నారట.

ఇస్తారి ముఖం మాడిపోయింది. "గిన్ని దినాలు మన గోతి మనమే తవ్వుకున్నమారా?" అని మంచమెక్కి ముసుగు తన్నాడు. మర్నాడు లేస్తూనే నవ్వాడు. నాకు భయమేసింది.

"తవ్వేది ఓడినోళ్లే గదా! ఎవ్వలూ ఓడకుంటే?"

అలా మొదలయ్యాయి మా డ్రాలు. అంత మర్యాదైన కబడ్డీ లోకంలో ఎవరూ ఆడి ఉండరు. కూతకు వచ్చినవాడికి అవతలివాడే ఎదురెళ్ళి భుజం అందించేవాడు. మా క్యాంపులోనే కొండలాంటి మనిషి భూమేశ్ ఒకసారి, పాయింటు ఎక్కువవుతోందని గీత దగ్గర కావాలని తుమ్మి కూత ఆపేశాడు. స్కోరు సమం కాగానే చప్పట్లు కొట్టుకుని టీకి పోయేవాళ్ళం. పారలకు తుప్పు పట్టడం మొదలైంది.

అర్బాబ్ ప్రతి శుక్రవారం కుర్చీ వేయించుకుని ఆట చూసేవాడు. కొన్ని వారాలు ఊరుకుని, ఒకరోజు ఇస్తారిని పిలిచి ఖర్జూరాల పళ్ళెం ముందు పెట్టాడు.

"మీవాళ్ళు ఓడటం మరిచిపోయినట్టున్నారు. వచ్చే శుక్రవారం స్టీల్ ఫ్యాక్టరీ క్యాంపు నుంచి పంజాబీలను పిలుస్తాను. షరతు నీదే, ఓడినవాళ్ళకు పార."

మేం ఓడితే మేం తవ్వాలి. వాళ్ళు ఓడితే వాళ్ళు తవ్వుతారు. ఎటు తిరిగినా నలుపు పోతుంది, గ్రౌండు పోతుంది. ముసలాయన మమ్మల్ని అంత శుభ్రంగా బుట్టలో వేశాడు. మిగిలిన దారి ఒక్కటే, పంజాబీలకు అనుమానం రాకుండా డ్రా చేయడం.

ఆ శుక్రవారం రెండు క్యాంపులూ గోడలమీదే ఉన్నాయి. పంజాబీల నాయకుడు జర్నైల్ సింగ్ తలుపంత మనిషి. డ్రా మాట దేవుడెరుగు, వాళ్ళ పట్టులోంచి బయటపడటమే గగనమైంది. చివరి కూతకు మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. కూత ఇస్తారిది.

"ఒక్కన్నే అన్నా! ఒక్కన్నే ముట్టి ఉర్కిరా" అని భూమేశ్ అతని చెవిలో చెప్పాడు. ఇస్తారి బుద్ధిగా తలూపాడు.

చెప్పినట్టే ఒకణ్ణి ముట్టాడు. వెనక్కి తిరిగాడు. ముందు దారి ఖాళీ, గీత రెండంగల దూరం. గ్రౌండు దక్కిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. అంతలో వెనకనుంచి జర్నైల్ సింగ్ ఫటేల్మని తొడ కొట్టి నవ్వాడు.

ఇస్తారి ఆగాడు. కూత ఆపకుండానే గిర్రున తిరిగి వెళ్ళి ఆ తొడమీదే చరిచాడు. జర్నైల్ సింగ్ అతని నడుం పట్టుకున్నాడు. అంత మనిషినీ ఈడ్చుకుంటూ వచ్చి గీతమీద చెయ్యి వేశాడు ఇస్తారి. ఒక్క పాయింటుతో గెలిచాం. క్యాంపంతా అరిచింది, నేనూ గొంతు పోయేలా అరిచాను. ఏం గెలిచామో గుర్తొచ్చి ఒక్కొక్కళ్ళమే నోళ్ళు మూసుకున్నాం. కుర్చీలోంచి లేచి ఇంకా చప్పట్లు కొడుతున్నది అర్బాబ్ ఒక్కడే.

పంజాబీలు మాట తప్పే రకం కాదు. చీకటి పడేలోగా మూల ఖాళీ చేశారు. గోడమీద కూర్చున్నామే గాని వాళ్ళను ఆటపట్టించడానికి ఒక్కడికీ నోరు రాలేదు. నాకైతే ఏడుపొచ్చినంత పనైంది.

గోడౌన్ పని మా కంపెనీకే వచ్చింది. మేం కూతలు పెట్టిన చోటే ఇస్తారి స్తంభాలకు చెక్కలు బిగిస్తున్నాడు. మేకులు అందిస్తున్న భూమేశ్ ఇక ఉండబట్టలేకపోయాడు.

"అంతగనం జెప్తిని గదనే! రెండోటోన్ని ఎందుకు ముట్టినవన్నా?"

ఇస్తారి సుత్తి దించాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, మీసం కింద నవ్వూ ఉంది.

"నా ముంగట తొడ గొట్టిండురా. ముట్టకుంట ఎట్లస్త?"