పోగులేసిన టూ థర్డ్స్

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: చూపించి చెబితే అర్థం కాని ఇంగ్లీషు లేదని. బీఎడ్ సర్టిఫికెట్ చేతికొచ్చిన కొత్తలో అందరికీ వచ్చే నమ్మకమే అది. (మెడలో హారం లేకపోయినా నోట్లో భిన్నాల లవహారాలు ఆడుతుండేవి.) కోవూరు వరిపొలాల మధ్య పెరిగిన నేను, తోటపల్లి గూడూరు దాటాక సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న ప్రైవేటు బడిలో డెమో పాఠం చెప్పడానికి వెళ్ళాను. పాఠం నచ్చితే ఉద్యోగం, నచ్చకపోతే మధ్యాహ్నం బస్సు. "ఇదన్నా నిలబెట్టుకో" అని మా అమ్మ పొద్దున్నే సాగనంపింది.

పాఠం, భిన్నాలకు బహువచనం. వన్ థర్డ్ ఒంటరిది. అలాంటివి రెండైతే టూ థర్డ్స్, చివర ఎస్ తోడొస్తుంది. సుద్దముక్కతో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆఫీసు వరండాలో బుట్టెడు కానాగంతలు, అప్పుడే పడవ దిగిన చేపలు, తళతళలాడుతూ కనిపించాయి. కరస్పాండెంటుగారి ఇంటికి కొత్త అల్లుడు భోజనానికి వస్తున్నాడట. ఉండబట్టలేక పాఠానికి ఇమ్మని అడిగేశాను. "పాఠం కాంగానే ఇచ్చేయమ్మా, పులుసు పెట్టాల" అంటూ ఆయనే బుట్ట తెచ్చిచ్చి, చివరి బెంచీలో కూర్చున్నారు.

బల్ల మీద సమానంగా మూడు పోగులు పెట్టాను. పదో తరగతి మొత్తం మెడలు చాచింది. ఒక పోగు చూపిస్తే వన్ థర్డ్, రెండు చూపిస్తే టూ థర్డ్స్ అంటూ కిటికీలు అదిరేలా అరిచారు. నా ఉత్సాహం గట్టు తెంచుకుంది. ముందు బెంచీ అమ్మాయిని పిలిచి బోర్డు మీద రాయమన్నాను. ఆమె అటు తిరిగి రాస్తుండగా ఒక పోగు మీద చెయ్యి పెట్టి, "హూజ్ థర్డ్ ఈజ్ దిస్?" అన్నాను.

గది చప్పున నిశ్శబ్దమైపోయింది. (పాఠం పట్టేసిందనుకున్నాను.)

"ఆయమ్మది మేడం" అంది ఆ అమ్మాయి, వెనక్కి తిరగకుండానే.

తక్కిన రెండు పోగుల మీదా చేతులు పెట్టి, "హూజ్ ఆర్ దీజ్ టూ?" అన్నాను. ఆమె కాస్త ఆలోచించి, "దోజ్ టూ థర్డ్స్ ఆర్ అవర్స్" అంది. ఒక్క ఎస్సూ జారిపోలేదు. ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు ఆగేలోపే, గుమ్మంలో చీపురు పట్టుకుని వింటున్న ఆయమ్మ లోపలికొచ్చి, తన పోగు కొంగులోకెత్తుకుని, నాకో దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. తక్కినవి ఆ అమ్మాయి తన చున్నీలో సర్దుకుంది.

అదేమిటని అడిగితే పిల్లలందరూ ఒక్కసారిగా నాకు పాఠం చెప్పారు. ఆ ఊళ్ళో పడవ చేపలు పోగులేశాక ఒకరు అటు తిరిగి నిలబడతారట, ఇంకొకరు పోగు మీద చెయ్యి పెట్టి ఎవరిదని అడుగుతారట. అటు తిరిగినవాళ్ళు ఎవరి పేరు చెబితే పోగు వాళ్ళదే. ఇక మాట మార్చడానికి లేదు.

కరస్పాండెంటుగారు లేచారు. నాకు మధ్యాహ్నం బస్సు హారను వినిపించినట్టే అయింది. ఆయన ఖాళీ బల్లను కాసేపు చూసి నిట్టూర్చారు.

"పేరు పిలిచినాక వెనక్కి అడగకూడదమ్మా. మా నాయన గూడా పడవ మనిషే. పాఠం మాత్రం పిల్లకి బాగా ఎక్కినాది, సోమవారం నుంచి రా. మా ఇంటి బుట్టలు మాత్రం ముట్టుకోబాక."

కొత్త అల్లుడు ఆ పూట కోడిగుడ్ల పులుసు తిన్నాడని తర్వాత తెలిసింది.

ఇప్పుడు నెల్లూరులో డెమో పాఠాలు చూసి మార్కులు వేసేదాన్ని నేనే. తెర మీద రంగురంగుల వృత్తాలు చక్కగా ముక్కలవుతాయి. ఎవరి చేతికీ నీచువాసన అంటదు. తప్పుపట్టడానికేమీ ఉండదు. అయినా ఎప్పుడైనా ఒక కొత్తమ్మాయి కళ్ళు మెరిపిస్తూ పాఠం వదిలేసి ఎటో పరిగెడుతుంటే, మార్కులు కొయ్యాలని పెన్నెత్తుతాను. ఎత్తాక, ఎందుకో నవ్వొచ్చి, దించేస్తాను.