ఉడకబెట్టిన మెరినో బనీన్లు

అయ్యలారా, అమ్మలారా, ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివాక నా మీద మీకున్న కాస్త గౌరవం కూడా మిగలదు. భార్యను బైకు మీద దర్జాగా తీసుకొద్దామని బయల్దేరిన కొత్త అల్లుడు, అత్తగారింటి నడిమింట్లో తల మీద బనీను చిక్కుకుని, రెండు చేతులూ పైకెత్తి, కత్తెర కోసం ఎదురుచూసిన వైనమిది. నవ్వేవాళ్లు ఇప్పుడే సర్దుకుని కూర్చోండి.

మాది కరీంనగర్ పక్కన చిన్న ఊరు. బట్ట నేసే ఇల్లు. కరెంటు మగ్గాలను మా వైపు సాంచాలంటారు. మా రేకుల షెడ్డులో అవి పొద్దస్తమానం టకటకా కొట్టుకునేవి. ఆ చప్పుడులోనే నిద్రపోయాను, ఆ చప్పుడు మీద అరుస్తూనే పదో తరగతి పాఠాలు చదివాను. మా ఇంట్లో అందరిదీ పెద్ద గొంతే. ఇప్పుడా షెడ్డును ఎవరో సిమెంటు సంచులు పెట్టుకోవడానికి కిరాయికి తీసుకున్నారు. అటు వెళ్లినప్పుడల్లా ఆ నిశ్శబ్దం చూసి నాకు ఏడుపొస్తుంది. సరే, ఆ ఏడుపు తర్వాత. ముందు నవ్వులపాలైన సంగతి.

సాంచాల కింద పెరిగినవాడికి ఒక రోగం అంటుకుంటుంది. లోకంలో ఏ బట్టయినా తనకు తెలుసనుకోవడం. పెళ్లిలో పక్కన కూర్చున్నవాడి అంగీ కొసను రెండు వేళ్లతో నలిపి చూడనిదే మా బాపు, అంటే మా నాన్న, విస్తరి ముట్టడు. "పాలిస్టర్ కలిసింది" అని తీర్పు చెప్పి, అప్పుడు పప్పు కలుపుకుంటాడు. నాకూ అదే అబ్బింది.

మా ఇంట్లో ఇంకో నియమం కూడా ఉంది. కొత్త బట్ట ఏదైనా సరే, ఒంటి మీద వేసుకునే ముందు నీళ్ల కాగులో సోడా వేసి ఉడకబెట్టాలి. నేసేటప్పుడు పోగులకు పెట్టిన గంజి అలాగైతేనే పోతుంది. తువ్వాళ్లు, దుప్పట్లు, నా స్కూలు నిక్కర్లు, అన్నీ ఆ కాగులో స్నానం చేసినవే. కొన్న బట్టయినా బాపు వదలడు. "గంజి తియ్యకుంట ఏసుకుంటె నేతోని ఇంట్ల పుట్టినందుకు సిగ్గుండాలె" అనేవాడు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. నా కొంప ముంచింది ఇదే.

నాకు రజితతో పెళ్లైన మొదటి చలికాలం అది. రజిత వాళ్లది ఆదిలాబాద్ వైపు బోథ్. మా మామ పత్తి పండిస్తాడు. "పత్తి తీసేటోడు, బట్ట నేసేటోడు వియ్యమందిండ్రు, ఇగ నడుమ షావుకారెందుకు?" అని బాపు పెళ్లంతా ఒకటే ముచ్చట. పెళ్లికి ముందే ఫోనులో నేను రజితకు మాటిచ్చాను. చలికాలంలో బైకు మీద కుంటాల జలపాతం చూపిస్తా, అక్కణ్ణుంచి నిర్మల్ ఘాటు దిగి మా ఊరిదాకా ఇద్దరమే వస్తాం అని. ఆ పిల్ల పుట్టినింటికి పోయిన నాటి నుంచీ రోజూ అదే అడుగుతోంది. "వస్తున్నవా? బైకు మీదనేనా?" నేను కూడా రోజూ మీసం దువ్వుతూ "బైకు మీదనే" అంటున్నాను.

అడ్డం పడ్డది మామ.

"ఆదిలాబాద్ సలి నీకెర్కలేదు అల్లుడా," అన్నాడు ఫోనులో. "పొద్దుగాల బర్రెలు గూడ కొట్టంల కెళ్లి బయటికి రావు. పిల్ల బైకు మీద కట్టె లెక్క బిగుసుకపోతది. బస్సుల తీస్కపో."

"మామా, సలికి తగ్గ బట్టలుంటయి."

"నేను సూసిన్నా గవి? నువ్వు బైకు మీద రా. నువ్వు మంచిగ ఒస్తె, గప్పుడు ముచ్చట. నువ్వే వణుక్కుంట ఒస్తె మాత్రం పిల్లను బస్సెక్కిస్త."

అదీ పందెం. నేను వణక్కుండా బోథ్ చేరాలి. లేకపోతే నా మాట పోతుంది, మా ఇద్దరి మొదటి ప్రయాణమూ పోతుంది.

వెంటనే కరీంనగర్‌లో మా సంపత్ దగ్గరికి పరుగెత్తాను. సంపత్ నా దోస్తు. ఒక్కసారి బైకు మీద లడఖ్ పోయొచ్చాడు, ఆనాటి నుంచి వాడికి ఉప్మా తిన్నా లడఖే గుర్తొస్తుంది.

"లోపట ఏమేస్కుంటవ్?" అన్నాడు పోలీసులా.

"కాటన్ బనీను. మా సాంచా మీదిదే."

"గదే తప్పు! కాటన్ చెమటను తాగి పట్టుకుంటది. జాకెట్ల చెమట పడ్తది, జరసేపాగినంక గాలి తగుల్తది, ఇగ ఒల్లంత ఐసే. నీకు మెరినో గావాలె."

"అంటే?"

"ఆస్ట్రేలియా గొర్రె ఉన్ని. మన గొంగడి లెక్క గుచ్చది కాదు. పల్చగ, మెత్తగ ఉంటది. తడిసినా ఎచ్చగనే ఉంటది. నాలుగు దినాలేసినా వాసన రాదు. లడఖ్‌ల నేను..."

"లడఖ్ తర్వాత. మందంది తీసుకోవాల్నా, పల్చంది తీసుకోవాల్నా?"

"బైకుకు పల్చందే. జాకెట్ కింద ముడతలు పడొద్దు. సరిగ్గ ఒంటికి అతుక్కోని ఉండాలె. లూజుంటె నడుమ గాలి సొర్రుతది. టైట్ ఉండాలె, సమజైందా? టైట్!"

ఆ ఆఖరి మాట నా మెదడులో మేకులా దిగింది. ఫోనులోనే రెండు పొడుగు చేతుల బనీన్లు తెప్పించాను. నల్లది నాకు, కుంకుమ రంగుది రజితకు. పెళ్లయ్యాక ఆమెకు నేను సొంతంగా కొన్న మొదటి వస్తువది. పెట్టె విప్పి చేత్తో తడిమితే, అబ్బ, అప్పుడే పుట్టిన దూడ చెవిని పట్టుకున్నట్టుంది.

రేపు తెల్లారితే ప్రయాణం. మధ్యాహ్నం బాపు షెడ్డులోంచి వచ్చి, బనీను కొసను రెండు వేళ్లతో నలిపాడు. కళ్లు మూసుకున్నాడు. తీర్పు వచ్చింది.

"బట్ట మంచిదే. గని కొత్తది. గంజి తీసినవా?"

"లేదు బాపూ."

"మరి? మామ ముంగట గంజి బట్టేసుకొని నిలబడ్తవా?"

చూడండి, ఆ క్షణంలో దేవుడు నాకొక అవకాశమిచ్చాడు. బనీను లోపల చిన్న గుడ్డముక్క మీద బొమ్మలున్నాయి. ఒక బకెట్టు, అందులో ఒక చెయ్యి. నేను చూశాను. అర్థం కూడా చేసుకున్నాను, నా పద్ధతిలో.

"బాపూ, చెయ్యి పెట్టి కలపమని బొమ్మేసిండు."

"గోరెచ్చని నీళ్లకు గంజి ఇడుస్తదారా? మసల కాగె నీళ్లల్ల చెయ్యి పెడ్తె కాలుతది బిడ్డా. కట్టె పెడ్దాం."

పొయ్యి రాజేశాం. కాగులో నీళ్లు కుతకుతా ఉడుకుతుంటే సోడా వేసి, ఆస్ట్రేలియా నుంచి అంత దూరం వచ్చిన ఆ రెండు బనీన్లనూ ముంచాం. నేను కట్టెతో తిప్పుతున్నాను, బాపు "ఇంకో జర, ఇంకో జర" అంటున్నాడు. ఇద్దరం ఎంత మురిసిపోయామో చెప్పలేను. బాపుతో కలిసి అంతసేపు పొయ్యి ముందు కూర్చుని చాలా ఏళ్లైంది. సాంచాలు ఆగిపోయే రోజులొస్తున్నాయని ఆయనకు అప్పటికే తెలుసు, నాకు తెలియదు. ఇప్పుడు తలుచుకుంటే బనీన్లు పోయిన బాధ కన్నా ఆ మధ్యాహ్నం మళ్లీ రాదన్న బాధే ఎక్కువ.

బాపు కట్టెతో నల్లదాన్ని పైకెత్తాడు.

"రవీ," అన్నాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి. "నువ్వు చిన్న పోరగాండ్లయి తెప్పిచ్చినవారా?"

"లేదు బాపూ."

"మరి గిదేంది?"

బనీను సగమైంది. పల్చటి బట్ట కాస్తా జంబుఖానాలా దట్టంగా మారింది. కుంకుమ రంగుదైతే మరీ అన్యాయం, అంగన్‌వాడీ పిల్లకు సరిపోతుంది.

"ఫికర్ చెయ్యకు," అన్నాడు బాపు, గొంతులో ధైర్యం లేకుండా. "తడి మీద గుంజితె సాగుతది."

చెరో కొస పట్టుకుని గుంజాం. ఆయన గుమ్మానికి కాలు తన్నిపెట్టాడు, నేను గోడకు తన్నిపెట్టాను. నల్లది కొంచెం సాగింది. కుంకుమ రంగుది మొండికేసింది. మొదటి కానుక పారేయడానికి మనసొప్పక దాన్ని బ్యాగు అడుగున కుక్కాను. తెల్లవారుజామున, ఇంకా చెమ్మగా ఉన్న నల్లదాన్ని బాపు నా తల మీంచి దిగలాగాడు. చేతులు మోచేతుల దగ్గర, కింది అంచు బొడ్డుకు పైన ఆగిపోయాయి.

"ఊపిరాడుతుందా?"

"జర జర."

"సంపత్ టైట్ ఉండాల్నన్నడు గదరా. మంచిదే."

జగిత్యాల దాటాను. సోన్ దగ్గర గోదావరి దాటాను. నిర్మల్ ఘాటు ఎక్కాను. ఒక నిజం ఒప్పుకోవాలి. చలి మాత్రం లోపలికి రాలేదు! బనీను ఒంటి మీదే ఆరుతూ ఇంకా బిగుసుకుంటుంటే, ఊపిరే లోపలికి రాని చోట చలెలా వస్తుంది? బోథ్‌లో దిగేసరికి నేను వణకడం లేదు. చేతులు కిందికి దించలేకపోతున్నాను, అంతే.

"వణుకుతలేవు!" మామ ముఖం వెలిగింది. "శబాష్ అల్లుడా!"

తలుపు పక్కన రజిత నవ్వుతోంది. గెలిచాననుకున్నాను. కథ అక్కడే ఆగితే ఎంత బాగుండేది!

"ఉడుకు నీళ్లు పెట్టిన, తానం చెయ్యి బిడ్డా," అంటూ అత్తమ్మ తువ్వాల కోసం నా బ్యాగు తెరిచింది. ఆమె చేతికి మొదట తగిలింది తువ్వాల కాదు. కుంకుమ రంగు బనీనును రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. ఇంత చేతులు, ఇంత మెడ. అత్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఓ రజితా! కడుపుల ముచ్చట తల్లికి చెప్పవానే? పిలగాడే నయం, ముందుగాలనే ఉన్ని అంగి తెచ్చిండు!"

"ఏం ముచ్చటవ్వా?" అంది రజిత.

నేను నోరు తెరిచాను. అదే నా పొరపాటు. తెరిచిన నోట్లో అత్తమ్మ గుప్పెడు చక్కెర పోసింది. మామ తలపాగా సర్దుకుని లేచాడు.

"ఇగ బైకు పేరెత్తకుండ్రి. బస్సు గూడ వద్దు. కుదుపులుంటయి. జీపు మాట్లాడ్త."

రజిత నా పక్కకు వచ్చి పళ్లు బిగించి అడిగింది. "నాకే తెల్వని సంగతి నీకెట్ల తెలిసిందయ్యా?"

చక్కెర మింగలేక, మాట్లాడలేక, చేతులు ఊపలేక నేను పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. చివరికి గుటకేసి అన్నాను.

"అది పిల్లలది కాదు. రజితది."

అత్తమ్మ ఆ బనీనును రజిత భుజాలకు ఆనించి చూసింది.

"రజితదా?" అన్నాడు మామ. "ఏడ ఏస్కుంటది, మోకాలుకా?"

"ముందు పెద్దగనే ఉండె మామా. ఉడకబెట్టినం."

"ఎవలు?"

"నేను, బాపు. గంజి తియ్యాల్నని."

"సిగ్గుపడుతుండు," అంది అత్తమ్మ నమ్మకుండా. "ఉన్నంగిని ఎవలన్న ఉడకబెడ్తరా?"

ఇక సాక్ష్యం చూపక తప్పలేదు. జాకెట్ విప్పాను. మోచేతుల దాకా చేతులు, బొడ్డు కనిపించే నడుము. ఆ రూపంతో అత్తగారి ముందు నిలబడ్డ అల్లుడు ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. మామ దగ్గరికొచ్చి బట్టను పట్టి చూశాడు.

"ఇప్పు, తీసి సూపియ్యి."

తీయబోయాను. సగం దాకా వచ్చి, చెవుల దగ్గర పట్టేసింది. చేతులు పైకి, తల లోపల, చుట్టూ చీకటి. మామ ఒక పక్క గుంజితే నేను ఆ పక్కకే నడిచాను. ఆ చీకట్లో మొదట వినిపించింది రజిత నవ్వు. తర్వాత అత్తమ్మది. తర్వాత కత్తెర చప్పుడు. మామ వీపు వెనక నుంచి పత్తి బస్తా కోసినట్టు కోశాడు. వెలుతురు చూసేసరికి ఆయన రెండు ముక్కలూ పట్టుకుని నన్నే తదేకంగా చూస్తున్నాడు.

నా పని అయిపోయింది, ఇక బస్సే అనుకున్నాను.

"రజితా," అన్నాడు మామ. "బట్టలు సదురుకో. బైకు మీదనే పో."

నా చెవులను నేనే నమ్మలేదు. "మామా, నిజంగనా?"

"ఇన్ని దినాలు నా బిడ్డను నీ ఎంట పంపాల్నంటె భయమయ్యింది. ఇప్పుడు నిన్నొక్కన్ని తొవ్వకు పంపాల్నంటె అంతకంటె ఎక్కువ బుగులైతుంది. ఎవలో ఒకలు తోడుండాలె గద. బిడ్డా, ఎన్క కూసొని జర గాయన్ని పైలంగ ఇంటికి చేర్పియ్యి."

అలా గెలిచాను నా పందెం. అత్తమ్మ తొడిగిన రెండేసి స్వెట్టర్లలో ఇద్దరం మూటల్లా కుంటాల చేరాం. నీళ్ల తుంపర ముఖాన పడుతుంటే రజిత నా జాకెట్ జేబులో చెయ్యి పెట్టుకుని, నీళ్లు చూడ్డం మానేసి నన్ను చూసి నవ్వుతూనే ఉంది. అంత సంతోషం నాకు మళ్లీ తేలిగ్గా దొరకలేదు.

ఇందుమూలంగా సమస్త జనులకు తెలియజేయునది ఏమనగా: ఇకపై నేను ఏ దేశపు గొర్రె ఉన్నినీ, ఏ కారణం చేతనైనా, పొయ్యి మీదికి ఎక్కించనని అగ్నిసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అగ్ని అంటే ఆ పొయ్యే. అది అన్నీ చూసింది.