ఏకాదశి నాటి దుంప

కమలాంబకి ఏ తీగ చూపించినా సరే, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేసేది. ఆకుకి ఎన్ని రెక్కలు, తీగ కుడికి చుట్టుకుంటుందా ఎడమకా, మగపూల గుత్తి ఎలా ఉంటుంది, అన్నీ లాటిన్ పేర్లతో సహా నోటికొచ్చు. డెబ్బై తొమ్మిదిలో నర్సీపట్నం నుంచి వెళ్ళి ఎమ్మెస్సీ బోటనీ చదివే ఆడపిల్లలు ఎందరున్నారు గనక? తాలూకాఫీసు గుమాస్తాగా ఉండి కాలం చేసిన అప్పలనరసింహం గారి కూతురు తప్ప మా వీధికి మరొకరు తెలియదు. వీధిలో వాళ్ళకి ఆ గొప్ప కాస్త ఎక్కువే కనిపించేది. ఆ పిల్లకీ కనిపించేదనుకోండి.

అది ఆఖరి సంవత్సరం. అడవి దుంపల మీద థీసిస్. వాల్తేరు నుంచి సెలవుకొచ్చి, ఇంట్లో బట్టల సంచీ పడేసి, మర్నాడే చింతపల్లి బస్సెక్కేసింది. వారం రోజులు కొండల్లో తిరిగి మూడు రకాల తీగలు, రకానికో దుంప పట్టుకొచ్చింది. దుంపలు తవ్విపెట్టింది సోమలమ్మ; సంతలో దుంపలూ అడ్డాకులూ అమ్ముకునే ముసలి కొండమనిషి. కమలాంబ తీగల్ని పాత పేపర్ల మధ్య పరిచి, పైన రోటి పొత్రం ఎక్కించింది. దుంపలకి నంబరు చీటీలు దారంతో కట్టి, తీసుకెళ్ళి వంటింటి బుట్టలో పడేసింది. పెట్టడానికి ఇంకెక్కడా చోటు దొరకలేదు కాబోలు, మహాతల్లికి!

రెండు రోజుల తరవాత, కాగితాలు టైపు చేయించుకుని మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చేసరికి, తల్లి వర్ధనమ్మ వంటింటి గోడకి చేరగిలబడి ఉంది. మొహాన చెమటలు.

"నోరంతా మంటగా ఉందే. కళ్ళు తిరుగుతున్నాయి."

"ఏం తిన్నావమ్మా?"

"ఇవాళ ఏకాదశి కదే. బుట్టలో దుంపొకటి ఉడకేసుకున్నాను."

భర్త పోయినప్పటి నుంచీ వర్ధనమ్మ ఏకాదశినాడు అన్నం ముట్టదు. పళ్ళో, దుంపలో. పన్నెండేళ్ళుగా నెలకి రెండుసార్లు ఆ ఇంట్లో జరుగుతున్నదే అది. పూల గుత్తిలో కేసరాలు లెక్కపెట్టే కూతురికి ఆ సంగతి గుర్తులేదు.

కమలాంబ బుట్ట మీద పడింది. రెండు దుంపలు మిగిలాయి, శుభ్రంగా కడిగి ఉన్నాయి. చీటీలు లేవు. చెత్తకాగితాలని వర్ధనమ్మ పొయ్యిలో వేసేసింది. మూడింట్లో ఒకటి తినే దుంప, ఒకటి వట్టి దురద దుంప, ఒకటి విషం. పోయింది ఏది? అటూ ఇటూ తిప్పి చూసింది. రెండూ మట్టిరంగే, రెండింటికీ పీచే. ఆకు చూసి పేరు చెప్పడమే నేర్చుకుంది గానీ, చీటీ తీసేసిన దుంప మొహం ఎప్పుడైనా చూసిందా?

వీధిలో రిక్షా తొక్కే జోగులుని పిలిచి, తల్లిని ఆసుపత్రికి చేర్చింది. డాక్టరు నాడి చూసి అడిగాడు.

"ఏం దుంప?"

"తెలీదండీ."

"దురద దుంపైతే మందిచ్చి పడుకోబెడతాను. విషమైతే గొట్టం వేసి కడుపు కడగాలి. ఈవిడకి ఉబ్బసం, గొట్టం వేస్తే ఊపిరికే ముప్పు రావచ్చు. ఊరికే వెయ్యలేను. అలాగని ఎక్కువసేపు ఆగనూలేను. ఏం తిన్నారో కనుక్కోండమ్మా, తొందరగా."

అదృష్టం, ఆ రోజు సంత. కమలాంబ ఇంటికి పరిగెత్తి, చెత్తలోంచి దుంప తొక్కలు ఏరి, మిగిలిన రెండు దుంపలూ కొంగులో వేసుకుని సంతకి పరిగెత్తింది. ఒక చెప్పు తెగితే రెండోదీ వదిలేసింది. ఎమ్మెస్సీ అమ్మాయి అలా పరిగెడుతుంటే జనం తిరిగి తిరిగి చూశారు. చూడనీ!

సోమలమ్మ అడ్డాకుల కట్టల పక్కన కూర్చుని ఉంది. మిగిలిన దుంపల వంక చూడను కూడా చూడలేదు. తొక్క తీసుకుని, గోటితో గిల్లి, వాసన చూసి పక్కన పడేసింది.

"సేదు దుంప. దీన్ని సెక్కలు కోసి మూడు రాత్రులు పారే గెడ్డలో ఏసి ఉంచాల. ఒట్టినే ఒండేసినారేటి?"

"అమ్మ తినేసింది, సోమలమ్మా."

ముసలామె మొహం మారిపోయింది. "ఇంకా నిలబడ్డావేటి? బేగెల్లు తల్లీ."

విషం దుంపేనని చెప్పగానే గొట్టం వేశారు. వర్ధనమ్మ కాళ్ళూ చేతులూ బిగుసుకుపోతుంటే నర్సూ జోగులూ కలిసి పట్టుకున్నారు. గది బయట గోడకి నుదురానించి కమలాంబ నిలబడింది. లోపల దగ్గు వినిపిస్తే గుండె ఆగిపోయేది, వినిపించకపోతే అంతకన్నా భయం. వీధి దీపాలు వెలిగే వేళకి డాక్టరు బయటికొచ్చి, గండం గడిచింది, వెళ్ళి కూర్చోండి అన్నాడు.

వర్ధనమ్మ కళ్ళు తెరిచింది. కమలాంబకి ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది.

"మొదటి ముక్కకే చేదు తెలిసుండాలి కదా. ఊసెయ్యకుండా ఎందుకు తిన్నావమ్మా?"

తల్లి గొంతు బొంగురుపోయింది. ఆగి ఆగి మాట్లాడింది.

"నువ్వొచ్చి పది రోజులైందే. నా దగ్గర కూర్చుని రెండు మాటలాడింది లేదు. బుట్టలో దుంపలు చూసి, పోనీలే, ఏకాదశి గుర్తుపెట్టుకుని నా కోసం తెచ్చింది పిల్ల, అనుకున్నాను. నువ్వు తెచ్చినదాన్ని చేదని ఎలా ఊసెయ్యనే?"

నీ కోసమే తెచ్చానని అబద్ధమాడదామని కమలాంబ నోరు తెరిచింది గానీ, తల్లి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

"నీ కోసం తేలేదమ్మా."

"ఇప్పుడు తెలిసిందిలే," అంది వర్ధనమ్మ. "మంచినీళ్ళు తాగొచ్చేమో డాక్టరుగారిని అడుగు."